సిగ్గుబండ మీద యువరాజు

మణిశైల యువరాజు అమరకేతుడు పారిపోతున్నాడు.

చూసినవాళ్ళెవరూ అతణ్ణి యువరాజని అనుకోరు. నెత్తిన మాసిన తలపాగా, కాళ్ళకు ముతక చెప్పులు, భుజాన దువ్వెనల పెట్టె. చెన్నడనే దువ్వెనల వర్తకుడి వేషం అది. పెట్టెలో పైన కొమ్ము దువ్వెనలు, వాటి కింద పేలదువ్వెనలు, అన్నిటికీ అడుగున నిమ్మకాయంత వెండి బరిణె ఉన్నాయి. ఆ బరిణెలో అతడి తండ్రి గొంతు ఉంది.

అవును, గొంతే. ఏడాది కిందట జంబుకాక్షుడనే మాంత్రికుడు నిండు కొలువులోకి వచ్చి, మణిశైల మహారాజు గొంతును మంత్రబలంతో లాగి, ఆ బరిణెలో పెట్టి మూత బిగించాడు. నాటి నుంచి మహారాజు పెదవులు కదిపితే గాలి వస్తుందే గాని మాట రాదు. మాట లేని రాజు ఆజ్ఞ చెల్లదంటూ సామంతులు ఒక్కొక్కరే జారుకుంటున్నారు. వచ్చే పున్నమిలోగా ఆ బరిణెను మహారాజు పెదవుల దగ్గర విప్పకపోతే గొంతు మాంత్రికుడికే సొంతమైపోతుంది. పున్నమికి ఇంక నాలుగు రోజులే ఉన్నాయి. అమరకేతుడు మాంత్రికుడుండే నక్కల గుహలో దూరి, వాడి తలగడ కింద నుంచే బరిణెను కాజేసి బయటపడ్డాడు. అందుకు అతణ్ణి మెచ్చుకోవలసిందే. ఆ తరువాత చేసిన పని చెప్పడానికే నాకు నోరు రావడం లేదు. అయినా చెప్పాలి.

ఆ తెల్లవారుజామున అతడు కిన్నెరవాహిని నదిని పోలయ్య అనే ముసలి పడవవాడి పడవలో దాటాడు. అవతలి ఒడ్డు, మణిశైలకు పోయే దారిలోని తామ్రపురి రాజ్యం. దాని రాజు జంబుకాక్షుడి శిష్యుడు. ఒడ్డున తలారులు కాచుకుని ఉన్నారు. బరిణెను చుట్టి తెచ్చిన పులితోలు సంచి మీద మాంత్రికుడి నక్కముద్ర ఉంది. దాన్ని నదిలో పారేయాలన్న ఆలోచన అమరకేతుడికి ఆలస్యంగా వచ్చింది. తలారులు కనబడగానే గాభరాపడి పడవలో పలక కిందికి తోసేశాడు. తలారులు మొదట చూసింది ఆ పలక కిందే.

"ఎవడిదిరా ఈ సంచి?" అన్నాడు తలారి.

పడవలో ఉన్నది ఇద్దరే. మణిశైల అంతఃపురంలో యువరాజును ఎవరైనా ప్రశ్న అడిగితే పక్కనున్న ప్రతీహారి జవాబు చెప్పడం ఆచారం. పుట్టిన దగ్గర నుంచి అలాగే పెరిగిన అమరకేతుడు ఒక్క క్షణం ఊరకే నిలబడ్డాడు. ఆ ఒక్క క్షణంలో పోలయ్య తలారి వైపు తిరిగాడు.

"ఎక్కినోడు ఒడ్డున కాలెట్టేదాకా పడవలో ఉన్నదానికల్లా పడవోడే జవాబుదారండి. అది మా కులం కట్టుబాటు. నా పడవలో దొరికింది కాబట్టి నాదే అనుకోండి," అన్నాడు. అంటూ అమరకేతుడి ముఖంలోకి చూశాడు.

అమరకేతుడు మాట్లాడలేదు. తలారులు పోలయ్య చేతులు వెనక్కి విరిచి కట్టారు. యువరాజు పెట్టె భుజాన వేసుకుని ఒడ్డున కాలు పెట్టి, తల వంచుకుని నడిచిపోయాడు. నడిచాడన్నాను గాని, పది అడుగులు దాటాక అది పరుగే.

రాచబాట వదిలి జొన్నచేలకు అడ్డం పడి, దాక్కుంటూ దాక్కుంటూ ఒక కోసు దూరం పోయేసరికి బాగా పొద్దెక్కింది. ఎదురుగా బుట్ట నెత్తిన పెట్టుకుని ఒక పెద్దావిడ వస్తూ కనిపించింది. యాభై ఏళ్ళు ఉంటాయి. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. ముందు పోతున్న ఇద్దరు బాటసారులను ఆమె ఆపి ఏదో అడిగింది. వాళ్ళు చేతులు అడ్డంగా ఊపి వెళ్ళిపోయారు. ఆమె అమరకేతుడి ముందుకు వచ్చి ఆగింది.

"నాయనా, నువ్వు ఈ ఊరోడివి కాదులాగుంది. రేవు మీదుగా వచ్చావా? మా ఆయన్ని చూశావా? పడవ నడుపుతాడు, పోలయ్య. నేను ఆయన ఇంటిదాన్ని, నీలవ్వని."

అమరకేతుడు తలపాగా ముఖం మీదికి లాక్కున్నాడు.

"లేదమ్మా. నేను కొండదారిన వచ్చాను," అన్నాడు.

"ఆయన్ని చెరలో ఏశారంట. ఎవరో పాపిష్టోడు దొంగసొత్తు పడవలో ఒదిలేసి పోయాడంట. పొద్దు నడినెత్తికొచ్చేసరికి ఆ మంత్రగాడి పల్లకీ వస్తాదంట. అప్పగించేస్తారంట. ఆ నక్కల పాలైనోడు మళ్ళీ వచ్చిన దాఖలా లేదు నాయనా." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. అంతలోనే అతణ్ణి పరకాయించి చూసింది. "ఏంటలా వణికిపోతన్నావు? తిండి తిని ఎన్నాళ్ళయింది?"

నిజంగానే రెండు రోజులైంది. వద్దంటున్నా వినకుండా నీలవ్వ బుట్ట దించి, మొగుడి కోసం కట్టుకొచ్చిన జొన్నన్నంలోంచి మూడు ముద్దలు చేసి, గోంగూర పచ్చడి అద్ది చేతిలో పెట్టింది. ఆకలి సిగ్గెరగదు గాని తింటున్నవాడికి సిగ్గు తెలుస్తూనే ఉంది. తల ఎత్తకుండా తిన్నాడు.

"చెర విడిపించే దారేమీ లేదా అమ్మా?" అని అడిగాడు.

"ఉంది. సిగ్గుబండ ఎక్కాల."

తామ్రపురిలో ఖైదీని పూచీ మీద విడిపించుకోవాలంటే డబ్బూ, దస్తావేజులూ పనికిరావు. చెరసాల ముందు ఒక నల్లబండ ఉంటుంది. పూచీ పడే మనిషి నలుగురి ముందూ దాని మీద వట్టికాళ్ళతో నిలబడి, అంతవరకు ఎవరికీ చెప్పని తన సిగ్గు ఒకటి చెప్పాలి. సరైన సిగ్గు చెబితే బండ కాళ్ళు వదులుతుంది, చెరసాల తలుపు తెరుచుకుంటుంది. తప్పించుకోజూస్తే పాదాలు బండకు అంటుకుపోతాయి. పూర్వం ఆ రాజ్యాన్ని ఏలిన మేఘవతి మహారాణి, సాటి మనిషి కోసం తన పరువు వదులుకోగలిగినవాడి పూచీయే నమ్మదగిందని ఆ బండను మంత్రించి పాతించిందట. ఇంటివాళ్ళ పూచీ చెల్లదు. పరాయివాళ్ళే కావాలి.

"పొద్దున్నుంచి ఇరవైమందిని అడిగా. పచ్చి దొంగలు కూడా ఆ బండంటే పారిపోతారు నాయనా," అంది నీలవ్వ.

అమరకేతుడు లేచి నిలబడ్డాడు. "పదమ్మా. నేను ఎక్కుతాను."

నీలవ్వ అతడి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. పిడుగు పడి అక్కడికక్కడే చచ్చిపోతే బాగుండుననిపించింది యువరాజుకు. పిడుగు పడలేదు.

కోట గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మరో చిక్కు ఎదురైంది. బరిణె కోసం తలారులు పెట్టెలు, సంచులు, చివరికి ఆడవాళ్ళ కొప్పులు కూడా వెతుకుతున్నారు. చెరసాలకు తీసుకుపోయే అన్నం బుట్టను మాత్రం వాళ్ళు ముట్టుకోరు. ముట్టుకుంటే తమకూ చెర ప్రాప్తిస్తుందని భయం. అమరకేతుడు నాలుగడుగులు వెనకపడి, చెట్టు చాటున పెట్టె తెరిచి బరిణెను గుప్పిట్లోకి తీసుకున్నాడు. నీలవ్వ ఆగి, బుట్ట దించి, తలమీది చుట్టకుదురు సరిచేసుకుంటోంది. అతడు బుట్ట అందుకున్నట్టే అందుకుని, బరిణెను అన్నంలోకి గుచ్చి, పైన ఆకు కప్పి, ఆమె నెత్తికి ఎత్తాడు.

"చల్లగా ఉండు నాయనా," అంది నీలవ్వ.

గుమ్మం దాటారు. తామ్రపురి ఇళ్ళ రాగిపలకల కప్పులు ఎండకు నిప్పుల్లా వెలుగుతున్నాయి. వీధికొక రంగు పందిరి, పందిరికొక పంజరం, పంజరంలో దేశదేశాల చిలకలు. గంధపుచెక్కల అంగళ్ళు, పాదరసం అద్దాల అంగళ్ళు, నడుమ ఏనుగులు తాగడానికి పన్నీరు కలిపిన నీళ్ళ తొట్లు. ఆ సంబరమంతా దాటిపోగా చివర నదికి దిగే మెట్ల పక్కన చెరసాల, ఒక్క కిటికీ కూడా లేని నల్లటి కట్టడం, గొంతుక్కూర్చుని ఉంది. మెట్ల దగ్గర తలారులు పట్టితెచ్చిన పోలయ్య పడవ కట్టేసి ఉంది. చెరసాల వాకిట్లోనే, ఆఖరి పన్నీరు తొట్టి పక్కన ఉంది సిగ్గుబండ.

చెరసాల అధికారి కాచినేడు ఏనుగుపిల్లంత మనిషి. విసనకర్రతో పొట్టకు విసురుకుంటూ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సంగతి వినగానే అతడి కళ్ళు మిలమిల మెరిశాయి.

"ఆరేళ్ళయింది దీన్ని ఎవడూ ఎక్కి! ఒరే, దండోరా వేయండి!" అని కేకేశాడు.

దండోరా అక్కర్లేకుండానే జనం మూగారు. పరాయివాడి సిగ్గు వినడానికి ఎక్కడైనా జనానికి తీరిక దొరుకుతుంది. చిలకలమ్మేవాళ్ళు పంజరాలతో సహా వచ్చారు. అమరకేతుడు పెట్టె పక్కన పెట్టి, చెప్పులు విడిచి బండ ఎక్కాడు. అది ఎండలో కూడా చల్లగా, తడిగా తగిలింది.

పోలయ్య సంగతి చెప్పకుండానే గట్టెక్కాలని అతడి ఎత్తు. చెబితే తానెవరో బయటపడుతుంది. అందుకని గొంతు సవరించుకుని, "చిన్నప్పుడు నైవేద్యానికి ఉంచిన బూరెలు నాలుగు దొంగతనంగా తిని, నేరం పనిపిల్ల మీద వేశాను," అన్నాడు.

"నాలుగేనా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు. అమరకేతుడు కాలెత్తబోయాడు. అది రాలేదు. రెండో కాలూ రాలేదు.

"బండకు బూరెలు ఆనలేదయ్యా. ఇంకాస్త పెద్దది చూడు," అన్నాడు కాచినేడు.

"మల్లయుద్ధంలో నా ప్రత్యర్థి జ్వరంతో ఉన్నాడని తెలిసి కూడా వాణ్ణి పడగొట్టి, మెడలో దండ వేయించుకున్నాను."

ఈసారి జనం నవ్వలేదు. బండ మాత్రం పట్టు బిగించింది. పాదాల కింద రాయి జిగటగా మెత్తబడి వేళ్ళ సందుల్లోకి పాకింది. దూరాన ఎక్కడో కొమ్ము బూర ఊదారు. "మంత్రగాడి పల్లకీ! ఏనుగుల వీధి దాటింది!" అని కేక వినిపించింది.

నీలవ్వ జనాన్ని తోసుకుని బండ దగ్గరికి వచ్చింది. బుట్ట ఆమె నెత్తినే ఉంది.

"చెప్పు నాయనా. సిగ్గులు ఎవరికి లేవు? ఏది చెప్పినా నేను నిన్ను తక్కువగా చూడను. నాకోసం కాళ్ళు అతికించుకున్న మారాజువి," అంది.

ఆ మాటతో అమరకేతుడి తల భూమికి వంగిపోయింది. నక్కల గుహలో భయానికి బదులు ఇంత సిగ్గు ఎదురై ఉంటే అతడు ప్రాణాలతో బయటికి వచ్చేవాడే కాదు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

"ఈ ఉదయం పోలయ్య పడవలో దొరికిన సంచి నాది. తలారి అడిగినప్పుడు చెప్పడం మరిచాను."

రాయి చీలమండల దాకా ఎగబాకింది.

"మరవలేదు. మా ఇంట్లో నా బదులు వేరొకరు జవాబు చెప్పడం అలవాటు. ఆ అలవాటు కొద్దీ ఊరుకున్నాను."

రాయి ఎముకలు నొక్కేస్తోంది. నొప్పికి అతడి నుదుట చెమటలు పట్టాయి.

"అలవాటు ఒక్క క్షణమే!" అని అరిచాడు. "ఆ తరువాత భయం. ఆ పెద్దాయన నా ముఖంలోకి చూశాడు. నాకోసమే నేరం నెత్తిన వేసుకుంటున్నాడని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. ఆయన చేతులు కడుతుంటే చూస్తూ నా పెట్టె సర్దుకున్నాను. నేను చెన్నణ్ణి కాను. మణిశైల యువరాజు అమరకేతుణ్ణి. ఇంతమందిలో నాకంటే సిగ్గుమాలినవాడు లేడు."

కుడికాలు చటుక్కున ఊడి వచ్చింది.

నీలవ్వ అతడి వైపే చూస్తూ ఉంది. "కొండదారిన వచ్చానన్నావు గదయ్యా," అంది మెల్లగా. ఆమె తిట్టినా బాగుండేది. ఉమ్మేసినా బాగుండేది.

కాచినేడు అరుగు దిగి వచ్చి, వంగి బండను పరీక్షగా చూశాడు. "కుడికాలు వదిలింది. ఎడమకాలు వదల్లేదు. ఇంకొకటేదో ఉంది యువరాజా. బండ మీదున్న మిమ్మల్ని ఎవరూ తాకకూడదని శాసనం. అలాగని రెండు కాళ్ళూ రాకుండా నేను తలుపు తీయకూడదని కూడా శాసనమే," అన్నాడు. అతడి గొంతులో వెటకారం పోయింది.

ఇంకొకటేమిటో అమరకేతుడికి ఆ క్షణమే తట్టింది. కళ్ళు వాటంతటవే నీలవ్వ నెత్తి మీది బుట్ట మీదికి పోబోతే బలవంతాన పక్కకు తిప్పుకున్నాడు.

అప్పుడే జనం చీలిపోయారు. పొగ చుట్టలు చుట్టుకుంటూ నేల మీద పాకి వచ్చింది. ఆ పొగ మీద తేలుతూ ఎముకల పల్లకీ వచ్చి దిగింది. మోసేవాళ్ళు ఎనిమిదిమందికీ మనుషుల ఒళ్ళూ నక్కల ముఖాలూ ఉన్నాయి. వెనక ఐదుగురు కత్తులు దూసిన రాజభటులు. తెర తొలగించుకుని జంబుకాక్షుడు దిగాడు. మెడ చుట్టూ పుర్రెలు కట్టిన జడలు, పసుపుపచ్చని కళ్ళు, వేళ్ళ కంటే పొడుగైన గోళ్ళు.

"ఎవరు, మణిశైల చిన్నవాడా?" అని నవ్వాడు. "నా తలగడ కింద చెయ్యి పెట్టినప్పుడు ఇంత బేలగా లేవే! బరిణె ఎక్కడ?"

అమరకేతుడు తన ఎడమకాలి వైపు చూసుకున్నాడు.

"నిన్ను ముట్టనులే. శాసనం నాకూ తెలుసు. నువ్వు చెప్పకపోతే నీ కాలు రాదు. నీ కాలు రాకపోతే ఆ తలుపు తెరుచుకోదు. పొద్దు నడినెత్తికి రావడానికి జానెడు ఉంది. ఆ జానెడు గడిస్తే పడవవాడు నా నక్కల ఫలహారం. బరిణె సంగతి తరువాత తీరికగా చూసుకుంటా. ఎంతసేపని నిలబడతావు?"

ఒక్క మనిషి ప్రాణం కంటే రాజ్యక్షేమం గొప్పదని రాజనీతి గ్రంథాల్లో ఉంది. అమరకేతుడు వాటిని శ్రద్ధగానే చదివాడు. చెప్పకుండా నిలబడితే తండ్రి గొంతు దక్కుతుంది. చెబితే ఏడాది కష్టం, నాలుగు రోజుల ప్రయాణం, సింహాసనం అన్నీ ఇక్కడే పోతాయి. కాని ఆ గ్రంథాలు రాసిన మహానుభావుల ఎదుట ఆ ఒక్క మనిషి పెళ్ళాం బుట్ట నెత్తిన పెట్టుకుని ఎప్పుడూ నిలబడి ఉండదు. పొద్దున ఒకసారి నోరు మూసుకున్న ఫలితం ఇంకా అతడి కాలిని పట్టుకునే ఉంది.

అతడు మాంత్రికుడి వైపు చూడలేదు. నీలవ్వ వైపు తిరిగి చేతులు జోడించాడు.

"అమ్మా, నీ మొగుడికి చేసిందే నీకూ చేశాను. గుమ్మం దగ్గర తలారులకు భయపడి, నీకు చెప్పకుండా ఆ బరిణెను నీ బుట్టలో దాచాను. దొరికితే పట్టుకుపోయేది నిన్నే. అది తెలిసే దాచాను."

నీలవ్వ చెయ్యి నెమ్మదిగా బుట్ట మీదికి పోయింది.

"నా చేతి ముద్ద తిన్నాకనా?" అని అడిగింది.

"తిన్నాకనే."

ఎడమకాలు ఊడి వచ్చింది.

కాచినేడు ఒకసారి మాంత్రికుణ్ణి చూశాడు, ఒకసారి బండను చూశాడు. మొలలోని తాళంచెవి తీసి, "బండ వదిలింది, నేనూ వదలాల్సిందే," అని గొణుక్కుంటూ తలుపు తెరిచాడు. పోలయ్య ఎండకు కళ్ళు చిట్లించుకుంటూ బయటికి వచ్చాడు. బండ మీది మనిషిని గుర్తుపట్టాడు.

"ఇప్పుడు చెప్తారు, ఇప్పుడు చెప్తారని ఏటి మలుపుదాకా వెనక్కి చూస్తానే ఉన్నాను బాబూ," అన్నాడు. కోపంగా అనలేదు.

"ఆ ఆడదాన్ని పట్టుకోండి!" జంబుకాక్షుడి కేకకు చిలకలన్నీ పంజరాలకు తలలు బాదుకున్నాయి. ఐదు కత్తులూ నీలవ్వ మీదికి తిరిగాయి.

బండ మీద ఉన్నంతసేపు అమరకేతుణ్ణి ఎవరూ తాకలేరు. అతడు ఒక్క దూకు దూకి కత్తులకూ నీలవ్వకూ నడుమ పడ్డాడు. దువ్వెనల పెట్టె ఎత్తి గిర్రున తిప్పి విసిరాడు. కొమ్ము దువ్వెనలు పళ్ళు పైకి పెట్టుకుని నేలంతా పరుచుకున్నాయి. మొదటి భటుడు వాటి మీద అడుగేసి కెవ్వుమన్నాడు. వాడి చేతి కత్తి యువరాజు చేతికి వచ్చింది. రెండో వాడు డాలు పగిలి కూలబడ్డాడు. మూడో వాడు పన్నీరు తొట్టిలో పడ్డాడు.

"పరుగెత్తండి!" అని అరిచాడు అమరకేతుడు.

నీలవ్వ మొగుడి చెయ్యి పట్టుకుని నది మెట్ల మీదుగా దూసుకుపోయింది. బుట్ట ఆమె చంకలో ఉంది. వెనక్కి ఒక్కసారైనా చూడలేదు. పోలయ్య కట్టు తెంపి గెడ వేశాడు. పడవ నడిమి ప్రవాహంలోకి పోయింది. పల్లకీ మోసే నక్కముఖాలు ఎనిమిదీ ఒడ్డున మూతులు పైకెత్తి ఊళ పెట్టాయి. వాటికి ఈత రాదు.

జంబుకాక్షుడి పొగ అమరకేతుడి కాళ్ళకు చుట్టుకుని నడుము దాకా ఎక్కింది. కత్తి ఆడిస్తూనే అతడు నది వైపు చూశాడు. పడవలో నీలవ్వ లేచి నిలబడి ఉంది. అన్నంలోంచి తీసిన బరిణె ఆమె చేతిలో ఎండకు తళుక్కుమంది. ఆమె ఆ చేతిని పడవ అంచు దాటించి నీళ్ళ మీదికి చాచింది.

వద్దని అరవడానికి అమరకేతుడు నోరు తెరిచాడు. అలా అడిగే ముఖం తనకు లేదు. తెరిచిన నోరు మూసుకుని, మిగిలిన ఇద్దరు భటుల వైపు తిరిగాడు.